ఒక్క గంట అంటే ఆపమని

డిపోలో అందరూ అతన్ని హారన్ అనే పిలిచేవారు. కొండదారిలో బస్సుకి ఎదురొచ్చే లారీ దారివ్వకపోతే అతను స్టీరింగు మధ్యలో చెయ్యి వేసేవాడే కాదు. కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేసేవాడు. లారీవాడు అద్దం మడుచుకుని మరీ పక్కకి జరిగేవాడు. వెనక సీట్లలో నిద్రపోతున్న పసిపిల్లలు కెవ్వుమనేవాళ్ళు, తల్లులు అతన్ని నోటికొచ్చినట్టు తిట్టుకునేవాళ్ళు. హారన్‌కి ఆ తిట్లు తలకెక్కేవి కావు. తిట్టడం తన పని, పడటం ఎదుటివాడి పని అని అతని లెక్క.

అదే బస్సులో కండక్టరు అతని బామ్మర్ది. పెళ్ళాం తమ్ముడు కాబట్టి తిట్టడానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. బస్సు పొడుగునా కప్పు కింద ఒక తాడు, తాడు చివర డ్రైవరు తల పక్కన ఒక గంట. ఒక్కసారి మోగితే ఆపమని, రెండుసార్లు మోగితే పోనిమ్మని. ఇద్దరూ ముక్కు మూతి విరుచుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా ఆ గంటతోనే కొండ ఎక్కి దిగేవాళ్ళు. ఆఖరికి ఇంట్లో కూడా అదే అలవాటైంది. భార్య గ్లాసు మీద స్పూనుతో రెండుసార్లు కొడితే అన్నానికి రమ్మని. ఒక్కసారి కొడితే, ఇక నోరు మూసుకోమని.

ఆ దారి సంగతి కొంచెం చెప్పాలి. పొద్దున బయల్దేరితే బస్సు మధ్యాహ్నం దాటాక పైకి చేరుతుంది. జనం ఎక్కే స్టాపులున్నాయి, జనం దిగే స్టాపులున్నాయి. డ్రైవరు దిగడానికి మాత్రం ఒక్కటీ లేదు. దారిలో ఎక్కడైనా బండి ఆపి పొదల చాటుకి పోతే ఆ ఆలస్యానికి మేనేజరుకి సంజాయిషీ రాయాలి. ఏమని రాస్తాడు? అందుకే ఆ రూట్లో తిరిగేవాళ్ళు పొద్దున్నే నీళ్ళు తాగరు. జేబులో పిప్పరమెంటు డబ్బా ఒకటి పెట్టుకుంటారు. అందులో పిప్పరమెంట్లు ఉండవు, విరేచనాలు కట్టేసే మాత్రలుంటాయి. వాటిని వాళ్ళు బ్రేకు మాత్రలంటారు. కడుపు ఏ కాస్త గడబిడ చేసినా ఒకటి, మరీ అయితే రెండు. మేనేజరుకి తెలుసు, మేనేజరు పైవాళ్ళకీ తెలుసు. మాత్ర డ్రైవరు కొనుక్కుంటున్నాడు కాబట్టి ఎవరికీ ఏ నొప్పీ లేదు.

గొంతు బొంగురుపోయినప్పుడు హారన్ దుమ్ముని తిట్టాడు, ఏసీ లేని బస్సుని తిట్టాడు, కిటికీ పక్క సీటు కోసం కొట్టుకునే జనాన్ని తిట్టాడు. తను కాల్చే సిగరెట్టుని మాత్రం ఒక్క మాట అనలేదు.

“బావా, హారన్‌లోకి నీళ్ళు దూరినట్టున్నాయి” అన్నాడు బామ్మర్ది.

“నీ టిక్కెట్లు నువ్వు కొట్టుకోరా.”

“వినబడలేదు బావా, ఇంకోసారి చెప్పు.”

ఒకరోజు మలుపులో లారీ అడ్డమొచ్చింది. హారన్ తల బయటపెట్టి కేకేశాడు. లారీవాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని “ఏంటీ?” అన్నాడు. హారన్ మొహం కందగడ్డలా అయింది. జీవితంలో మొదటిసారి అసలు హారన్ నొక్కాడు. అది కూడా సరిగ్గా మోగలేదు, ఎప్పుడూ వాడితే కదా. ఆ మర్నాడు నోరు మెదపకుండా ఆసుపత్రికి వెళ్ళాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. కళ్ళజోడు కళ్ళకి కాకుండా తల మీద పెట్టుకుని ఉంది. బల్ల మీద ప్లాస్టిక్ గొంతు బొమ్మ ఒకటి. పరీక్షలన్నీ అయ్యాక భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి, ఆ బొమ్మని రెండుగా విప్పి, స్వరపేటిక దగ్గర వేలు పెట్టింది.

“గడ్డ ఇక్కడుంది. కాన్సరే. మామూలుగా అయితే ఈ పెట్టె మొత్తం తీసేయాలి.”

“తీసేస్తే?”

“మెడ దగ్గర రంధ్రం పెడతాం. ఊపిరి అక్కణ్ణుంచి తీసుకుంటారు. మాట మామూలుగా రాదు. వేరే రకంగా మాట్లాడటం నేర్పిస్తారు.”

“అంటే మూగోణ్ణి చేస్తారు.”

“ప్రాణం నిలబెడతాం.”

“నేనడిగింది అది కాదమ్మా.”

భార్య కుర్చీ చేతి మీద వేలితో ఒక్కసారి కొట్టింది. హారన్ ఆగాడు. డాక్టరమ్మ ఆ వేలి వంక ఓసారి చూసి, ఇంకో దారి ఉందని చెప్పింది.

“కోతకి ముందే గడ్డని కరిగించడానికి ప్రయత్నిస్తాం. ఒక మందు సెలైన్‌లా ఎక్కిస్తాం. అది గడ్డని నేరుగా చంపదు. మీ ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. ఈ గడ్డ వాటి కళ్ళకి గంతలు కట్టి కూర్చుంది. మందు ఆ గంతలు విప్పుతుంది. దాంతోపాటే గడ్డకి గురిపెట్టి కొన్నిసార్లు రేడియేషన్ ఇస్తాం. ఆ దెబ్బకి గడ్డ చితికితే, దొంగ ఎవడో కాపలావాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుందని మా ఆశ. కొన్ని వారాలు ఆగి అప్పుడు కోత. గడ్డ చిన్నదైతే కోతా చిన్నది. పెట్టెలో కొంత మిగలొచ్చు. మాటా మిగలొచ్చు.”

“ఒచ్చు, ఒచ్చు అంటే ఎట్లా? వస్తుందా రాదా?”

“ఇది ఇంకా పరీక్షలో ఉన్న పద్ధతి. కొందరికి గడ్డ బాగా కరిగింది. కొందరికి అంగుళం కదల్లేదు. మీకేమవుతుందో తెలిసినట్టు చెబితే అది అబద్ధం. కరక్కపోతే పెట్టె మొత్తం తీసెయ్యక తప్పదు.”

హారన్ ఒప్పుకున్నాడు. ఆశతో ఒప్పుకున్నాడని ఎవరైనా అంటే అది నిజం కాదు. రెండో దారి పేరు వింటేనే ఒళ్ళు మండి ఒప్పుకున్నాడు. ఆ మంటలో, ఆ తర్వాత ఆవిడ చెప్పింది అతని చెవిన పడనే లేదు. గంతలు విప్పిన కాపలావాళ్ళు ఒక్కోసారి ఇంటివాళ్ళ మీదే పడతారని, నీళ్ళ విరేచనాలైనా, ఆయాసమొచ్చినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా ఆ క్షణమే ఫోన్ చెయ్యాలని, సొంతంగా ఏ మాత్రా మింగొద్దని ఆవిడ రెండుసార్లు చెప్పింది. భార్య ఆ నంబరు ఫోన్‌లో ఎక్కించుకుంది. హారన్ మాత్రం విప్పిన ప్లాస్టిక్ గొంతు వంకే చూస్తూ, తన బస్సుని ఇప్పుడు ఏ దరిద్రుడికి అప్పజెప్పి ఉంటారా అని ఆలోచిస్తున్నాడు.

రేడియేషన్‌కి ముందు మొహానికి తొడుగు చేశారు. వేడి నీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడలాంటి పలక ఒకటి తెచ్చి మొహం మీద, మెడ మీద అదిమారు. అది చల్లారి బిగిసింది. ప్రతిసారీ ఆ తొడుగు తొడిగి, బల్లకి బిగించి, కదలొద్దని చెప్పి గదిలోంచి అందరూ బయటకి పోయేవారు. అందరూ పోయే గదిలో తనొక్కణ్ణే ఉంచడమేమిటని హారన్‌కి చిర్రెత్తుకొచ్చేది. నోరు తెరవడానికి వీల్లేదు కాబట్టి తిట్లన్నీ ముక్కుతోనే తిట్టాడు. బయట మైకులోంచి వినే టెక్నీషియన్ ఒకరోజు తొడుగు విప్పుతూ, “పాటలంటే ఇష్టమా సార్? చక్కగా కూనిరాగం తీస్తున్నారు” అన్నాడు.

మింగితే గొంతు మంట. మెడ చర్మం ఎండకి మాడినట్టు నల్లబడింది. మందు ఎక్కించే కుర్చీలో కూర్చుంటే పక్కవాళ్ళు పలకరిస్తారు, అది ఇంకో మంట. అయినా కొన్నాళ్ళకి, ఒక పొద్దున, టవల్ కనబడక భార్యని పిలిస్తే గొంతు కాస్త శుభ్రంగా పలికింది. వంటింట్లోంచి ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

“ఇంకోసారి పిలవండి.”

“ఎందుకు, చెవుడా?”

ఆవిడ ఏడ్చింది. హారన్‌కి ఇంకా కోపమొచ్చింది. అంతవరకూ పోయేదేదో పోయిందని తెగించి కూర్చున్నాడు. ఇప్పుడు పోగొట్టుకోవడానికి మళ్ళీ ఒకటి తగలడింది.

విరేచనాలు మొదలైంది ఆ తర్వాతే. భార్య పెద్ద లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పొద్దున్నే పోతే సాయంత్రానికి వస్తుంది. పగలంతా ఇంట్లో హారన్ ఒక్కడే. మొదటిరోజు పెరుగు పులిసిందనుకున్నాడు. రెండోరోజు నీళ్ళే. కడుపులో మెలితిప్పుతున్న నొప్పి. అప్పుడు అతని బుర్ర ఆసుపత్రి దారిన పోలేదు, డిపో దారిన పోయింది. డిపోలో కడుపు బాగాలేదని ఒక్క మాటంటే చాలు, అన్‌ఫిట్ అని రాసి బండి బదులు నడిపే రిలీఫ్ డ్రైవరుకిచ్చేస్తారు. ఇక్కడ కూడా అంతే అనుకున్నాడు. వీడి ఒళ్ళు ఈ మందుకి తట్టుకోదు, ఈ దారి మూసెయ్యండి, పెట్టె మొత్తం పీకెయ్యండి అంటారు. కోతకి ఇంకెంతో లేదు. అంతవరకూ కడుపుని ఆపితే చాలు. కడుపుని ఆపడం అతనికి కొత్తా?

పిప్పరమెంటు డబ్బా తీశాడు. ఒకటి వేశాడు. మరీ అయితే రెండు కదా, రెండు వేశాడు. ఆగింది. మర్నాడు మళ్ళీ, ఆ మర్నాడు మళ్ళీ. భార్య సాయంత్రం వచ్చి “మొహం పీక్కుపోయిందేంటి?” అంటే “నీ వంట తిని” అన్నాడు. ఆవిడ గ్లాసు మీద ఒక్కసారి కొట్టింది.

ఆ వారంలోనే బామ్మర్ది ఫోన్ చేసి, రిలీఫ్ డ్రైవరు క్లచ్ మీద కాలు తియ్యకుండా నడుపుతున్నాడని, కొండెక్కేటప్పుడు మాడు వాసన వస్తోందని ఊరికే అన్నాడు. ఊరికే అనకూడని మాట అది. హారన్ చొక్కా తగిలించుకుని డిపోకి పోయాడు. బస్సు షెడ్డు ముందు ఖాళీగా నిలబడి ఉంది. ఫుట్‌బోర్డు మీద అడుగుపెట్టగానే మాడిన వాసన ముక్కుకి తగిలింది.

“ఎవడ్రా నీకు లైసెన్సిచ్చింది?”

రిలీఫ్ డ్రైవరు బెదిరిపోయి సీట్లోంచి లేచాడు. “అన్నా, మీ గొంతు వచ్చేసిందే!”

“నా గొంతు సంగతి తర్వాత, నీ కాలు...”

మాట పూర్తి కాలేదు. కడుపులో కత్తి దింపినట్టయింది. హారన్ రాడ్డు పట్టుకుని అట్లాగే మెట్టు మీదకి జారిపోయాడు. జేబులోంచి డబ్బా జారి మూత ఊడింది. చివరి మాత్రలు రెండు సీటు కిందకి దొర్లాయి. బామ్మర్ది వాటిని చేతిలోకి తీసుకున్నాడు. ఆ డిపోలో పుట్టి పెరిగినవాడికి అవేమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

“బావా, డబ్బా అంతా నువ్వే మింగావా? ఎప్పట్నుంచి?”

హారన్ పళ్ళు బిగబట్టాడు. బామ్మర్ది అక్కకి ఫోన్ చేశాడు. అక్క డాక్టరమ్మకి చేసింది. అంబులెన్సు కోసం చూడకుండా ఉన్న బండిలోనే తెమ్మంది ఆవిడ. హారన్‌ని వెనక సీట్లో పడుకోబెట్టి, బామ్మర్ది తాడు రెండుసార్లు లాగాడు. రిలీఫ్ డ్రైవరు ఊరి మధ్యలోంచి, సిగ్నళ్ళలోంచి, ఖాళీ బస్సుని గాలిలా తోలాడు. దారి పొడుగునా క్లచ్ మాడుతూనే ఉంది. గేరు మారినప్పుడల్లా వెనక సీట్లోంచి మూలుగు వినబడుతోంది.

“నొప్పి ఎక్కువైందా బావా?”

“కాలు తియ్యమను... వాణ్ణి.”

“ప్రాణం పోతోందిరా దేవుడా అంటే క్లచ్ గొడవేంటి నీకు!” అని బామ్మర్ది ఏడుస్తూనే తిట్టాడు.

ఆసుపత్రిలో ఆ రోజు డాక్టరమ్మ కళ్ళజోడు కళ్ళకే ఉంది. స్కానింగు చూసి వచ్చి మంచం పక్కన నిలబడి డబ్బా పైకెత్తి చూపించింది. హారన్ బతుకంతా తిట్టినవాడే తప్ప తిట్లు తిన్నవాడు కాదు. ఆ రోజు తిన్నాడు.

“పేగు చిల్లుపడలేదు. అది మీ అదృష్టం. పడి ఉంటే నేనిప్పుడు మీతో కాదు, మీ ఆవిడతో మాట్లాడుతూ ఉండేదాన్ని. సొంతంగా ఏమీ మింగొద్దని చెప్పానా లేదా?”

“చెబితే అన్‌ఫిట్ అనేవాళ్ళు.”

“ఎవరు?”

“మీరే.”

“నేను మీ డిపో మేనేజర్నా? మీకు ఉద్యోగం ఇచ్చానా తీశానా? అది తిన్నది పడక వచ్చిన విరేచనం కాదండీ. మందు లేపిన కాపలావాళ్ళు మీ పేగునే చితక్కొడుతున్నారు. మీరు పోయి తలుపు గడియ పెట్టి, లోపల కొట్టుకు చావండని వదిలేశారు. మొదటిరోజే ఫోన్ చేసి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు. ఇప్పుడు వాళ్ళని అణచడానికి పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఇవ్వాలి. అది ఇస్తుంటే కోసిన గాయం తొందరగా మానదు. అందుకని కోత వెనక్కి పోతుంది. రెండోసారి ఎక్కించాల్సిన మందు ఇక లేనట్టే. దేనికి భయపడి దాచారో దాన్నే చేతులారా తెచ్చుకున్నారు.”

హారన్ గోడ వైపు తిరిగాడు. భార్య ఇస్త్రీ పని మధ్యలోంచి వచ్చింది, చేతులకి ఇంకా ఆవిరి వాసన. అరిచినా బాగుండేది. వేలికున్న ఉంగరంతో మంచం ఇనప కమ్మీ మీద ఒక్కసారి కొట్టింది. తర్వాత అక్కడే, కమ్మీ మీద తల ఆనించి కూర్చుండిపోయింది.

ఆ తర్వాతి వారాలు ఎలా గడిచాయో తిట్లతో కూడా చెప్పడం కష్టం. స్టెరాయిడ్‌తో మొహం బూరెలా ఉబ్బింది, ఆకలి రాక్షసుడిలా పట్టుకుంది. మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. గడ్డ ఈలోగా మళ్ళీ పెరిగిందేమోనని రోజూ అద్దం ముందు మెడ తడుముకునేవాడు. “గడ్డ లోపలుంది, బయట తడిమితే ఏం తెలుస్తుంది?” అనేది భార్య. అయినా తడుముకునేవాడు. ఎదురుచూడటం చేతకాని మనిషిని ఎదురుచూడమంటే ఇంతే. చివరికి స్కానింగులో గడ్డ బాగా చిక్కిందని తేలింది. అక్కడ ఇంకా ఒక మచ్చ ఉంది. పెట్టె మొత్తం కాదు, మచ్చ ఉన్నంత మేర తీస్తే చాలన్నారు.

కోత అయింది. మెలకువ వచ్చేసరికి మెడలో గొట్టం ఉంది. ఇది కొన్నాళ్ళకే, వాపు తగ్గాక తీసేస్తామని నర్సు చెప్పింది. బామ్మర్ది తన విజిల్ పట్టుకొచ్చాడు.

“మాట రానంతవరకూ ఇది ఊదు బావా. ఒకటి ఆపు, రెండు పోనీ.”

హారన్ నోట్లో పెట్టుకుని బలమంతా పెట్టి ఊదాడు. కూత రాలేదు. ఊపిరి నోటిదాకా వస్తే కదా, అంతా మెడలో గొట్టంలోంచి బుస్సున పోయింది, కాస్త కఫం బామ్మర్ది చొక్కా మీద పడింది. హారన్ కళ్ళెర్రజేసి విజిల్‌ని గోడకేసి కొట్టాడు. బామ్మర్ది చొక్కా తుడుచుకుంటూ “టైరు పంక్చరైంది, గాలి నిలవట్లేదు” అన్నాడు. పక్క మంచం ముసలాయన నవ్వాపుకోలేక దగ్గాడు. హారన్ భార్య చేతికి ఉన్న ఉంగరం లాక్కుని తన చిటికెన వేలికి ఎక్కించుకున్నాడు. అప్పట్నుంచి కమ్మీ మీద ఒకటి, రెండు. నర్సు సూది తెస్తే ఒకటి. జావ తెస్తే ఒకటి. రెండు కొట్టిన సందర్భం ఎవరికీ గుర్తులేదు.

కోసి తీసిన ముక్కని పరీక్షకి పంపారు. ఫలితం తీసుకుని డాక్టరమ్మే స్వయంగా వచ్చింది, మొహం వెలిగిపోతోంది.

“తీసిన ముక్కలో బతికున్న కాన్సర్ కణం ఒక్కటి కూడా లేదు. అంతా చచ్చిన కండే.”

భార్య రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. హారన్ మాత్రం నిప్పులు కక్కుతూ చూశాడు. కమ్మీ మీద టంగుమని కొట్టాడు. మెడ చూపించాడు, గొట్టం చూపించాడు, డాక్టరమ్మ వైపు వేలు చూపించాడు.

“చచ్చినదాన్ని మళ్ళీ ఎందుకు కోశారని అడుగుతున్నాడు” అన్నాడు బామ్మర్ది.

డాక్టరమ్మకి కోపం రాలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. “కోసి, ముక్కని మైక్రోస్కోపు కింద పెడితేనే చచ్చిందని తెలిసింది. స్కానింగులో మచ్చ కనబడుతూనే ఉంది. అది బతికుందో చచ్చిందో స్కానింగు చెప్పదు. చచ్చిందేమోలే అని వదిలేసి, అందులో నాలుగు కణాలు బతికుంటే? మీలాంటివాళ్ళ దగ్గర నేర్చుకుంటూ పోతే, రేపెప్పుడో కొందరికి కోత లేకుండానే చెప్పగలుగుతామేమో. మీ వంతుకి అది రాలేదు. మీకు కోపం రావడంలో తప్పులేదు.”

అది హారన్‌ని ఇంకా మండించింది. కోపం తప్పని ఎవరైనా అంటే పోట్లాడొచ్చు. న్యాయమేనంటే ఏం చెయ్యాలి? ఇంకోసారి కొట్టబోయి, ఉంగరం ఉన్న చేతిని దుప్పటి కిందకి లాక్కున్నాడు.

గొట్టం తీశారు. రంధ్రం పూడింది. నీళ్ళు మింగడం పసివాడిలా మళ్ళీ నేర్చుకున్నాడు, గడ్డం రొమ్ముకి ఆనించి, గుక్క గుక్కకీ ఆగి, పొలమారినప్పుడల్లా ప్రపంచాన్ని తిట్టి. మాట వచ్చింది. తలుపు మడతబందు తుప్పుపట్టి కిర్రుమన్నట్టుంది ఆ మాట. పక్కన కూర్చుంటే వినబడుతుంది, గుమ్మం దాటితే వినబడదు. నెలల తరబడి అరవకూడదని చెప్పారు. ఆ తర్వాత కూడా కేక వస్తుందన్న పూచీ లేదన్నారు. అరవకుండా కోప్పడటం ఎలాగో ఆసుపత్రిలో ఎవరూ నేర్పించలేదు.

తిరగడానికి ఓపిక వచ్చాక డిపోకి వెళ్ళాడు. విశ్రాంతి గదిలో అందరూ లేచి చుట్టూ మూగారు. రిలీఫ్ డ్రైవరు కుర్చీ తెచ్చి వేశాడు. క్లచ్ ప్లేటు మార్పించానని ముందే చెప్పేశాడు. అంతలో కొండదారి బండెక్కబోతున్న ఒక డ్రైవరు పొట్ట పట్టుకుని హడావుడిగా వచ్చాడు.

“హారన్ అన్నా, బాగున్నావా? నీ దగ్గర బ్రేకు మాత్ర ఒకటుందా? నాది అయిపోయింది.”

గదిలో అందరూ గొంతులో వెలక్కాయ పడ్డట్టు చూశారు. అడిగినవాడికి ఏం తప్పన్నాడో తెలియలేదు. హారన్ చేసిన పని సంగతి అలా ఉంచితే, ఆ మాత్ర మింగితే తప్ప ఆ బండి నడవదని ఇన్నేళ్ళూ అతను కూడా నమ్మాడు. దాన్ని మొగతనం అనుకున్నాడు. హారన్ లేచాడు. సరాసరి మేనేజరు గదిలోకి నడిచాడు. వెనకే బామ్మర్ది.

“రావయ్యా, కూర్చో. దేవుడి దయవల్ల బాగయ్యావు. ఆఫీసులో తేలిక పని చూస్తాంలే.”

హారన్ కూర్చోలేదు. “ఆ రూట్లో ఒక హాల్టు పెట్టండి. డ్రైవర్లు దిగడానికి.”

“ఏంటి?”

“మధ్యలో... హాల్టు.”

“వినబడట్లేదయ్యా. గట్టిగా చెప్పు.”

బామ్మర్ది నోరు తెరవబోతే హారన్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ గొంతు కోసం తను పడ్డ అవస్థ అంతా ఈ ఒక్క మాట కోసమే పడ్డట్టు, బల్ల మీదకి వంగి, మేనేజరు మొహానికి జానెడు దూరంలో ఆగి, ఒక్కొక్క ముక్కే పలికాడు. “మనుషులు, కడుపులు కట్టేసుకుని, బండి నడుపుతున్నారు. నీకు తెలుసు. హాల్టు పెట్టు.”

“అదంత తేలిక కాదు. టైమింగులు పైనుంచి వస్తాయి. జనం ఊరుకోరు. చూద్దాం, పైకి రాద్దాం...”

మేనేజరు బల్ల మీద ప్యూనుని పిలవడానికి ఇత్తడి గంట ఉంది. హారన్ అరచేత్తో దాని నెత్తిన కొట్టాడు. ఒక్కటి. ప్యూను పరిగెత్తుకొచ్చాడు. కిటికీ దగ్గర డ్రైవర్లు మూగారు. ఆ గంటకి అర్థం తెలియనివాడు ఆ డిపోలో మేనేజరు ఒక్కడే.

“ఏంటీ దౌర్జన్యం?”

మళ్ళీ కొట్టాడు. ఒక్కటి.

మేనేజరు గంటని లాక్కుని సొరుగులో పడేసి మూశాడు. హారన్ చిటికెన వేలికి ఆ ఉంగరం ఇంకా ఉంది. దాంతో బల్ల మీద కొట్టాడు. ఒక్కటి.